ఎడమ అంచు నుంచి వచ్చిన బంతి

న్యూకాసిల్,
2025 మార్చి 4, మంగళవారం

పెద్దనాన్నా,

ఈ రోజు మొదటి ఆశ్చర్యం పొద్దున ఏడింటికే. తలుపు తీస్తే మెట్టు మీద డోరీన్ నిలబడి ఉంది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, టైన్‌మత్ నుంచి మొదటి మెట్రో పట్టుకుని వచ్చింది. చేతిలో బిస్కెట్ల రేకు డబ్బా. లోపలికి రమ్మంటే రాలేదు. డబ్బా నా చేతుల్లో పెట్టి, "ఇది పోస్టులో పంపే వస్తువు కాదు, పెట్. మా తాత అంతా ఇందులోనే ఉన్నాడు" అని చెప్పి వెళ్లిపోయింది. ఇక్కడివాళ్లు ఎవరినైనా 'పెట్' అనే పిలుస్తారు. మొదటి నెల కోపం వచ్చేది. ఇప్పుడు ఎవరైనా అనకపోతే వెలితిగా ఉంటుంది.

పోస్టులో పంపే వస్తువు కాదన్న మాట నీకు నచ్చదని తెలుసు. సికింద్రాబాద్ పోస్టాఫీసులో ముప్పై ఆరేళ్లు చేసి, ఇప్పుడు ఇంగ్లండ్‌లోనే కొడుకు దగ్గర ఉంటూ కూడా ఈమెయిల్‌కు జవాబివ్వనని నాతో పంతం పట్టినవాడివి. అందుకే ఇదిగో, కాగితం, సిరా, ఫస్ట్ క్లాస్ స్టాంపు.

సంగతి చెప్తాను. మా ఎం.ఏ. కోర్సులో మూడు నెలలు ఏదైనా స్థానిక సంస్థకు పనిచేసి పెట్టాలి. నాకు టైన్‌మత్‌లో చిన్నపిల్లల ఫుట్‌బాల్ క్లబ్బు వచ్చింది. వాళ్లు కొత్తగా బట్టలు మార్చుకునే గదులు కట్టారు. వాటికి డోరీన్ తాత పేరు పెడుతున్నారు. ఆయన పేరు పెట్రు మోల్దోవాన్. రొమేనియాలో అరాద్ అనే ఊళ్లో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడి, తర్వాత ఓడ పనికి ఇక్కడికి వచ్చి, ఆ క్లబ్బు పిల్లలకు ఇరవై ఏళ్లు ఆట నేర్పాడు. గోడ మీద పెట్టే బోర్డుకు నూటయాభై మాటలు నేను రాయాలి. క్లబ్ సెక్రటరీ కెన్నీ దాన్ని ఏప్రిల్ ముప్పైన పది గంటలకు ప్రింటరుకు పంపుతాడు. నూటయాభై మాటలే కదా అనుకున్నాను. ఇప్పుడు ఒక్కో మాట మీద గంట కూర్చుంటున్నాను. కూర్చోలేక లేచి నది వంతెన దాకా నడిచి వస్తున్నాను.

డబ్బాలో ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు పోలీసులిచ్చిన రిజిస్ట్రేషన్ కార్డు ఉంది. ఒక జత బూట్ల తాళ్లున్నాయి. ఎనిమిది మడతలు పెట్టిన 1913 నాటి పత్రిక ఒకటి ఉంది. అందులో ఒక పేరు కింద పెన్సిల్ గీత: మోల్దోవాన్ II. ఆ మ్యాచ్‌లో నాలుగు గోల్స్ కొట్టాడట. ఆ పత్రికల్లో ఆటగాళ్లను ఇంటిపేరుతోనే రాసేవాళ్లు. మా లైబ్రరీలో రొమేనియా ఆవిడ ఒకరున్నారు, ఆవిడే చదివి పెట్టింది.

మన ఇంట్లో ఫుట్‌బాల్ తెలిసినవాడివి నువ్వొక్కడివే. సెంటర్ ఫార్వర్డ్ అంటే ఏం చేస్తాడు? పుస్తకంలో ఉన్నట్టు కాదు, నీకు తెలిసినట్టు చెప్పు.

నీ నిఖిత


బేసింగ్‌స్టోక్,
మార్చి 8, శనివారం

బిడ్డా నిఖితా,

నీ ఉత్తరం గురువారం అందింది. ముద్ర చూశాను, రెండు రోజులు. ఫర్వాలేదు.

నేను గోల్‌కీపర్ని. సెంటర్ ఫార్వర్డ్ గురించి వాడి స్నేహితులు ఒకలా చెప్తారు, వాడి చేతిలో గోల్ తిన్నవాడు ఇంకోలా చెప్తాడు. నేను తిన్నవాణ్ణి. మంచి సెంటర్ ఫార్వర్డ్ నిన్ను చూడడు. బంతినీ చూడడు. నీ వెనకున్న ఖాళీని చూస్తాడు. బంతి ఆ ఖాళీలోకి ఎప్పుడొస్తుందో వాడికి ముందే తెలుస్తుంది. తొంభై నిమిషాల్లో ఎనభై ఐదు నిమిషాలు ఏమీ చేయనట్టే ఉంటాడు. అక్కడే మనం మోసపోతాం.

ఇక్కడ నా సంగతి. ఊరంతా రౌండబౌట్లు. కారు లేనివాడు పాల సీసాకు కూడా ఎవరినో ఒకరిని అడగాలి. మీ అన్న సుహాస్, వదిన నీలిమ పొద్దున ఎనిమిదికి వెళ్తే చీకటికి వస్తారు. బాగా చూసుకుంటారు, ఆ లోటు లేదు. కానీ నా కాళ్లు ఊరుకోవడం లేదు. సోఫాలో కూర్చున్నా మడమలు నేలను తంతూ ఉంటాయి.

ఒక మాట చెప్తాను, మీ అన్నకు చెప్పకు. మంగళ, శుక్రవారాలు నేను లైబ్రరీకి వెళ్తున్నానని వాళ్లనుకుంటున్నారు. లైబ్రరీ పక్కనే లీజర్ సెంటరుంది. అక్కడ అరవై దాటినవాళ్లు నడక ఫుట్‌బాల్ ఆడతారు. పరుగెత్తకూడదు. ఏదో ఒక పాదం ఎప్పుడూ నేల మీద ఉండాలి, లేకుంటే విజిల్. మొదటి రోజు చూస్తూ నిలబడ్డాను. రెండో రోజు వాళ్ల కీపర్‌కు నడుం పట్టేసింది. నా పేరు నోరు తిరగక 'ఆండీ' అన్నారు. ముప్పై ఆరేళ్లు ఊరందరి పేర్లు చదివి బట్వాడా చేసినవాడికి ఇదీ బహుమానం.

రెండేళ్ల కింద గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి సుహాస్‌కు నేను మెట్లెక్కినా భయమే. వాడి దగ్గర ఫుట్‌బాల్ అన్న మాట ఎత్తితే ఇంటర్నెట్టంతా తిరగేస్తాడు. నడవమని ఇక్కడి డాక్టరు చెప్పాడు. నేను నడుస్తున్నాను.

పెద్దనాన్న


న్యూకాసిల్,
మార్చి 17, సోమవారం

పెద్దనాన్నా,

ఆండీ అన్న పేరు చదివి మెట్రోలో గట్టిగా నవ్వాను. ఎదుటి సీట్లో పెద్దమనిషి పేపరు దించి చూశాడు. నీ రహస్యం నా దగ్గర భద్రం.

పెట్రు మోల్దోవాన్ ఆట జీవితం మొత్తం దొరికింది. అరాద్ పత్రికలన్నీ ఇప్పుడు కంప్యూటర్‌లో చూడొచ్చు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆ ఊరు హంగరీ ఏలుబడిలో ఉండేది, యుద్ధం తర్వాత రొమేనియాలోకి వచ్చింది. పేర్లు, అంకెలు నేనే ఏరుకుంటాను. వాక్యాలు లైబ్రేరియన్ గురువారం గురువారం సరిచూస్తుంది.

1910లో రైలు పెట్టెల కార్ఖానా జట్టులో చేరాడు. నాలుగేళ్లలో ఇరవై రెండు గోల్స్. తర్వాత యుద్ధం, ఐదేళ్లు ఆట లేదు. 1919లో మళ్లీ దిగాడు. అప్పటి నుంచి 1926 దాకా ఐదు ఊళ్లు, ఐదు జట్లు. ఎక్కడా రెండు సీజన్లు నిలవలేదు. ఆ ఏడేళ్లలో గోల్స్ ఎన్నో తెలుసా? మూడు. చివరికి ఓడరేవు ఊరికి వెళ్లి, ఓడెక్కి, టైన్ నది ఒడ్డున దిగాడు. చదువుతుంటే నాకే కాళ్లు ఆడుతున్నాయి. ఇంత కుదురులేని మనిషిని నేనెక్కడా చూడలేదు.

ఇంకో సంగతి నేనే కనిపెట్టాను. యుద్ధానికి ముందు పత్రికల్లో ఆయన పేరు ఒకచోట మోల్దోవాన్ I అని, ఇంకోచోట మోల్దోవాన్ II అని ఉంటుంది. ఒకే మ్యాచ్‌లో రెండూ ఉంటాయి. I ఎడమ చివర, II మధ్యలో. అంటే మొదటి సగం ఎడమ అంచున ఆడి, రెండో సగంలో మధ్యలోకి వచ్చేవాడన్నమాట. గోల్స్ దాదాపు అన్నీ II పేరు మీదే. మధ్యలోకి రాగానే విజృంభించేవాడు. దీని మీద ఆరు పేజీలు రాశాను. మా ప్రొఫెసర్ కూడా ఆసక్తికరంగా ఉందన్నాడు. నాలుగు గోల్స్ మ్యాచ్ జట్టు జాబితా నకలు దీంతో పెడుతున్నాను, చూసి మురిసిపో.

నిన్న డోరీన్ దగ్గరికి వెళ్లి ఇరవై రెండు గోల్స్ అని చెప్తే ఆవిడ లేచి కిటికీ తుడిచింది. అది శుభ్రంగానే ఉంది.

నిఖిత


బేసింగ్‌స్టోక్,
మార్చి 22, శనివారం

బిడ్డా,

నువ్వు పంపిన జాబితా భోజనాల బల్ల మీద పెట్టుకుని పేర్లు లెక్కపెట్టాను. నువ్వూ లెక్కపెట్టు. మోల్దోవాన్ I, మోల్దోవాన్ II, ఇద్దరినీ కలిపితే పదకొండు. నీ లెక్క ప్రకారం ఆ ఇద్దరూ ఒక్కడే అయితే ఆ జట్టు పదిమందితో ఆడింది. పదిమందితో దిగి నాలుగు గోల్స్ కొట్టే జట్టు అయితే నీ ఆరు పేజీలు చాలవు.

ఇంకొకటి. నాలుగు గోల్స్ పక్కన నిమిషాలు వేశారు. మొదటిది పదో నిమిషం. II అంటే రెండో సగం అయితే, పదో నిమిషంలో వాడెక్కడున్నాడు?

1974లో మా పోస్టల్ జట్టులో ఇద్దరు యాదగిరులుండేవాళ్లు. స్కోరు రాసే పాండురంగం సారు ఒకణ్ణి పెద్ద యాదగిరి అని, ఇంకొకణ్ణి చిన్న యాదగిరి అని రాసేవాడు. వాళ్లు అన్నదమ్ములు కూడా కాదు, ఒకడు ఉత్తరాలు వేరుచేసే సార్టింగ్ గుమాస్తా, ఒకడు టపా సంచి మోసే రన్నర్. చిన్న యాదగిరి వేరే ఊరికి బదిలీ అయ్యాక మాత్రం ఉత్త యాదగిరి మిగిలాడు. పెద్ద అన్న మాట ఎగిరిపోయింది. ఒక్కడే ఉన్నప్పుడు పెద్దేమిటి, చిన్నేమిటి?

నీ పత్రికవాళ్లు పెద్ద, చిన్న అని రాయలేక అంకెలు వేసినట్టున్నారు. కోప్పడకు. చదువుకున్నదానివి కాబట్టి పెద్ద పెద్ద కారణాలు వెతికావు. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను, అంతే.

మొన్న ఒక పెనాల్టీ ఆపాను. బంతి నా మోకాలికి తగిలి పోయింది, కానీ ఆపినట్టే కదా.

పెద్దనాన్న


న్యూకాసిల్,
ఏప్రిల్ 3, గురువారం

పెద్దనాన్నా,

ఆరు పేజీలు చింపేశాను. పది రోజులుగా నీకు రాయకపోవడానికి సిగ్గు ఒక కారణం, అదే అసలు కారణం కాదు.

నువ్వు చెప్పింది నిజం. అడిగితే లైబ్రేరియన్ కూడా నవ్వింది. ఆ రోజుల్లో అక్కడి పత్రికలు ఒకే జట్టులో అన్నదమ్ములుంటే వయసు ప్రకారం అంకె వేసేవట. పెద్దవాడు I, తర్వాతివాడు II. ఒక్కడే మిగిలితే అంకె తీసేస్తారు. ఆవిడకు అది ఎంత మామూలు సంగతంటే, నాకు చెప్పాలని కూడా తోచలేదు.

అప్పుడు పెట్రు వీళ్లలో ఎవరు? డబ్బాలోని కార్డు తీశాను. పుట్టింది 1889. చర్చి రికార్డులో అదే ఇంట్లో 1892లో ఇంకో పిల్లవాడు పుట్టాడు. పేరు ఇలియె. 1914 అక్టోబరు పత్రికలో, బొగ్గు ధరల కింద, మూడు వాక్యాలున్నాయి. "మన సెంటర్ ఫార్వర్డ్ మోల్దోవాన్ II గలీసియా యుద్ధరంగంలో నేలకొరిగాడు. పేరు ఇలియె. వయసు ఇరవై రెండు."

పెద్దనాన్నా, డోరీన్ తాత మోల్దోవాన్ I. ఎడమ అంచున ఆడినవాడు. ఆ ఇరవై రెండింటిలో ఆయనవి రెండే. ఇరవై గోల్స్ తమ్ముడివి. ఆ నాలుగూ తమ్ముడివే. యాభై ఏళ్లు జేబులో, డబ్బాలో దాచుకున్న పత్రికలో ఆయన గీత గీసింది తన పేరు కింద కాదు.

యుద్ధం నుంచి వచ్చాక ఆయన ఎడమ అంచుకు మళ్లీ వెళ్లలేదు. ఏ ఊళ్లో ఆడినా మధ్యలోనే నిలబడ్డాడు, తమ్ముడి చోట. ఏడేళ్లు, ఐదు జట్లు, మూడు గోల్స్. ఒక పత్రిక "చోటు తెలియని సెంటర్ ఫార్వర్డ్" అని వెక్కిరించింది కూడా. పాపం, ఆ రాసినవాడికి తెలియదు.

డోరీన్‌కు ఇలియె అన్న పేరే తెలియదు. ఆ మధ్య మాటల్లో అడిగాను, తాతకు తోబుట్టువులున్నారా అని. ఎవరూ లేరట. మా తాత అబద్ధం ఆడడు, పెట్, ఆయనకు ఇంగ్లిషే సరిగా రాదు, అబద్ధం ఎక్కడాడతాడు అని నవ్వింది.

బోర్డు ముసాయిదా కెన్నీ దగ్గర ఉంది. అందులో "ఇరవై రెండు గోల్స్" అని నా చేతితోనే రాశాను. రెండు రాత్రులుగా నిద్ర లేదు. నన్నేం చేయమంటావు?

నిఖిత


బేసింగ్‌స్టోక్,
ఏప్రిల్ 8, మంగళవారం

నిఖితా,

చెప్పకు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో టెలిగ్రాములు ఇచ్చేవాణ్ణి. సైకిల్ బెల్ కొట్టగానే లోపల చప్పుళ్లు ఆగిపోయేవి. మారేడ్‌పల్లిలో ఒకావిడ కాగితం అందుకోకుండా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. అది ఇవ్వడం నా పని, దాని మీద ఆవిడ పేరుంది, ఇచ్చాను. ఈ సంగతి మీద డోరీన్ పేరు ఎవరు రాశారు? నూరేళ్ల కిందటిది. ఆవిడకు ఎనభై వస్తున్నాయి. ఒక తాత, ఒక కథ. ఆ బోర్డు ముందు నిలబడి చదివేది ఎవరు? బూట్లు వెతుక్కునే పిల్లలు.

నీ పరీక్ష వ్యాసంలో నిజం రాసుకో. గోడ మీద గోల్స్ లెక్క తీసేసి 'గొప్ప ఆటగాడు' అని రాయి. అబద్ధం కాదు, నిజమూ కాదు. ఇంట్లో మనశ్శాంతి కోసం మనిషి ఆ మాత్రం చేయొచ్చు. నేను చేస్తున్నాను కదా, ఎవరికి నష్టం?

ఈ రోజు మూడు గోల్స్ తిన్నాను. చలిలో చేతులు బిగుసుకుపోయాయి.

పెద్దనాన్న


న్యూకాసిల్,
ఏప్రిల్ 14, సోమవారం

పెద్దనాన్నా,

నువ్వు చెప్పినట్టే గోల్స్ లెక్క తీసేశాను. కెన్నీ అరగంటలో ఫోన్ చేశాడు. లెక్క ఎక్కడ పోయింది, అదే కదా అసలు సంగతి అన్నాడు. డోరీన్ ఇప్పటికే క్లబ్బులో అందరికీ ఇరవై రెండు అని చెప్పిందట. పదేళ్లలోపు జట్టు పిల్లలు ఈ ఏడు ఇరవై రెండు కొట్టాలని పందెం కూడా వేసుకున్నారట. ఏదో గొణిగి పెట్టేశాను. మళ్లీ లెక్క వేసి పంపాను. మళ్లీ తీసేశాను. ఇప్పుడు నా దగ్గర పంతొమ్మిది ముసాయిదాలున్నాయి. 'గొప్ప ఆటగాడు' అని రాసి చూశాను. అందులో ఎవరూ లేరు, పెద్దనాన్నా. ఆ మాట కింద ఎవరి ఫొటో పెట్టినా సరిపోతుంది.

నిన్న సుహాస్ అన్న ఫోన్ చేశాడు. వదిన వాషింగ్ మెషీన్ ఫిల్టర్ తీస్తే నల్ల జీలకర్రలాంటి గింజలు గుప్పెడు వచ్చాయట. నీ సాక్సుల్లోనూ అవే ఉన్నాయట. నాన్న నీకు ఉత్తరాలు రాస్తాడు కదా, ఏమైనా చెప్పాడా అని అడిగాడు. అవి కృత్రిమ గడ్డిలో పోసే రబ్బరు గింజలని నాకు తెలుసు, మా క్లబ్బులోనూ ఉన్నాయి. లైబ్రరీలో కొత్త కార్పెట్ వేశారేమో అన్నాను. అన్న "సరేలే చెల్లీ" అన్నాడు.

నష్టం ఎవరికి అని అడిగావు. ఇప్పుడు నేను రెండు ఇళ్లకు అబద్ధం మోస్తున్నాను. ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను. నిన్న టైన్‌మత్ దాకా వెళ్లి, డోరీన్ వీధి మొదట్లోంచి వెనక్కి వచ్చేశాను. ఇంకా పదహారు రోజులే ఉన్నాయి.

నిఖిత


బేసింగ్‌స్టోక్,
ఏప్రిల్ 23, బుధవారం

బిడ్డా,

ఈ ఉత్తరం నేను చెప్తుంటే సుహాస్ రాస్తున్నాడు. తప్పులుంటే వాడివి. నా కుడి మణికట్టు విరిగింది.

పోయిన వారం మంగళవారం, ఆట అయిపోయే ముందు, ఎడమ మూల నుంచి ఒక బంతి నేలబారుగా వచ్చింది. దానికోసం పడకూడదని నాకు తెలుసు. పడ్డాను. బంతి ఆగింది. లీజర్ సెంటర్‌వాళ్లు నా ఫారంలో ఉన్న నంబరుకు ఫోన్ చేశారు. ఆ నంబరు సుహాస్‌దే. ఇంకెవరిది రాస్తాను?

వాడు ఆఫీసు నుంచి వచ్చి హాస్పిటల్లో నా పక్కన నాలుగు గంటలు కూర్చున్నాడు. తిడితే బాగుండేది. గుండె పరీక్షలన్నీ చేశారు, బాగుందన్నారు. కారెక్కాక, సిగ్నల్ దగ్గర, రోడ్డు మీదే చూపు పెట్టి అన్నాడు: "నువ్వు ఆడుతుంటే నేను ఎన్నడూ చూడలే నాన్నా. నేను పుట్టేసరికే నువ్వు ఆట బంద్ చేసినవ్. ఈడ ఆడుతున్నవ్, ఇంటికి అర మైలు దూరంల. అప్పుడన్న పిలవకపోతివి."

నిఖితా, వాడిని ఒక భయం నుంచి కాపాడుతున్నాననుకున్నాను. వాడికి రావాల్సినదాన్ని నా దగ్గర పెట్టుకున్నాను. బట్వాడా చేయని ఉత్తరం దగ్గర పెట్టుకున్న పోస్ట్‌మ్యాన్‌ను మా రోజుల్లో సస్పెండ్ చేసేవాళ్లు.

పోయిన ఉత్తరంలో నేను చెప్పింది తప్పు. వెళ్లి చెప్పు. ఉత్తరం రాయకు, ఫోన్ చేయకు. ఎదురుగా కూర్చుని చెప్పు. కోప్పడితే పడు.

వెళ్లే ముందు ఇంకో పని చెయ్యి. ఆ ఇరవై గోల్స్ రిపోర్టులు మళ్లీ తీసి, బంతి ఎటు నుంచి వచ్చిందో చూడు. గోల్ కొట్టినవాడి పేరు రాస్తారు, అందించినవాడి పేరు చాలాసార్లు రాయరు. కానీ కుడి నుంచి వచ్చిందా, ఎడమ నుంచి వచ్చిందా రాస్తారు. మా కాలంలో ఎడమ అంచున ఆడేవాణ్ణి లెఫ్ట్ అవుట్ అనేవాళ్లం. వాడు గీత వెంబడి పరుగెత్తి పరుగెత్తి బంతిని మధ్యలోకి పంపి, ఎవరో కొడితే ఎవరినో జనం ఎత్తుకుంటుంటే, నడుం మీద చేతులు పెట్టుకుని దూరం నుంచి చూసేవాడు. గోల్ తిన్నవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, నేను ఎక్కువ భయపడింది వాడికే.

పెద్దనాన్న

నిఖితా, ఇది నాన్న చెప్పలేదు, నేను రాస్తున్నాను. నీకు అబద్ధం చెప్పడం అస్సలు రాదు. లైబ్రరీ కార్పెట్ అట. మే నెలాఖరుకు కట్టు విప్పుతారు. జూన్‌లో నాన్న మ్యాచ్ చూడ్డానికి నేను మంగళవారాలు సెలవు పెడుతున్నా. సుహాస్.


న్యూకాసిల్,
ఏప్రిల్ 29, మంగళవారం

పెద్దనాన్నా,

నీ చెయ్యి ఎలా ఉంది? అన్న దస్తూరి నీకంటే బాగుంది, ఏమీ అనుకోకు.

శని, ఆదివారాలు రిపోర్టులన్నీ మళ్లీ తీశాను. పేరు కోసం కాదు, వైపు కోసం. ఇలియె ఇరవై గోల్స్‌లో పదమూడు ఎడమ నుంచి వచ్చిన బంతులే. తొమ్మిది చోట్ల ఉత్త "ఎడమ అంచు నుంచి" అనే ఉంది. నాలుగు చోట్ల మాత్రం "మోల్దోవాన్ I పంపగా" అని ఉంది. వాటిని వేర్వేరు చీటీల మీద రాసుకున్నాను. తేదీ, ఎదుటి జట్టు, బంతి ఎలా వచ్చింది. పదమూడు చీటీలు.

ఆదివారం మధ్యాహ్నం డోరీన్ ఎదురుగా కూర్చుని చెప్పాను. కెటిల్ మరుగుతోంది. ఇలియె పేరు చెప్పాను, పుట్టిన ఏడు, చనిపోయిన ఏడు, పెన్సిల్ గీత ఎవరి పేరు కిందో చెప్పాను. ఆవిడ లేచి మరిగిన కెటిల్ కట్టేసి, కప్పుల్లో పోయకుండానే నిలబడింది. "మా తాత గోల్స్ దొంగతనం చేశాడంటున్నావా?" అని అడిగింది. కాదన్నాను. చీటీలు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "మూడుంపావుకు బస్సుంది" అంది, అంతే. పెట్ అనలేదు.

ఆ బస్సులో నేను కూర్చోలేదు, కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చాను. సోమవారమంతా ఫోన్ మోగలేదు. కెన్నీకి ఏం పంపాలో తెలియక ఏమీ పంపలేదు. తప్పు చేశానా అని నిన్న రాత్రి నీకు రాయడం మొదలుపెట్టి చింపేశాను.

ఈ రోజు మధ్యాహ్నం మూడింటికి డోరీన్ ఫోన్ చేసింది. పలకరింపు లేదు. "ఆ చీటీలు చదువు" అంది. ఫోన్‌లోనే చదివాను. నెమ్మదిగా, ఒక్కొక్కటి. 1911 మే, ఎడమ అంచు నుంచి. 1912 సెప్టెంబరు, మోల్దోవాన్ I గీత దాకా వెళ్లి వెనక్కి పంపగా. నాలుగు గోల్స్ మ్యాచ్‌లో మూడు బంతులు ఎడమ నుంచే వచ్చాయి. 

పదమూడూ విన్నాక చెప్పింది. చిన్నప్పుడు ఆదివారాలు తాత ఆవిడను లాంగ్ శాండ్స్ బీచ్‌కు తీసుకెళ్లేవాడట. ఆటుకు నీళ్లు వెనక్కి పోగానే తడి ఇసుకలో ఆడేవాళ్లు. ఆయన ఎప్పుడూ ఎడమ పక్క, నీళ్ల అంచు వెంబడి, ప్యాంటు మడిచి పరుగెత్తేవాడట. ఆవిడను మధ్యలో నిలబెట్టేవాడు. అక్కడినుంచి బంతి పంపేవాడు, ఆవిడ కొట్టేది. ఒక్కసారి కూడా ఆయన గోల్ కొట్టలేదట. "పదిహేడేళ్లు వచ్చేదాకా, పెట్. చిన్నపిల్లనని నన్ను గెలిపిస్తున్నాడనుకున్నాను. నేను కొట్టిన ప్రతిసారీ ఏదో అరిచేవాడు, వాళ్ల భాషలో ఏదో శాబాష్ అనుకున్నాను. ఇలియె అనేవాడు."

ఆవిడే మళ్లీ అందుకుంది. బోర్డు మాటలు నన్ను పంపొద్దంది. రేపు పది గంటలకు కెన్నీ దగ్గరికి తనే వస్తుందట. తను చెప్తుంటే నేను రాయాలట. గదులు రెండున్నాయి, పేర్లు కూడా రెండు పెట్టాల్సిందే అని, గదుల మీద అంకెలు వేసి, కింద ఎవరు పంపారో, ఎవరు కొట్టారో రాయాలని చెప్పింది. కెన్నీ ఒప్పుకోకపోతే అని నేనంటే, "వాడికి ఆట నేర్పింది మా తాతే. ఒప్పుకుంటాడు" అంది. పిల్లలకు ఇరవై రెండు లెక్క ఎలా సర్దిచెప్పాలో కూడా తనే చూసుకుంటుందట.

అంతకంటే ముందు ఇంకో పని ఉంది. రేపు పొద్దున ఎనిమిదికి ఆటు. ఏడూ పదికి మెట్రో ఎక్కాలి. వచ్చేటప్పుడు క్లబ్బు షెడ్డులోంచి ఒక బంతి తెమ్మంది, తాళం నా దగ్గరే ఉంది. ఈ వయసులో తడి ఇసుకలో పరుగెత్తొద్దని నేను చెప్పబోయాను. పరుగెత్తను, నడుస్తాను, మీ పెద్దనాన్నలాగే అంది. నీ గురించి ఎప్పుడో చెప్పేశాను, క్షమించు.

నీళ్ల పక్క ఎడమ అంచున ఆవిడ ఉంటుంది. నేను మధ్యలో నిలబడాలట. నేను ఇంతవరకు బంతిని తన్నలేదు, పెద్దనాన్నా. రేపు తంతాను.

నిఖిత